గోడ కింద వాలు

జూన్ 3

గేటుకి నోటీసు అంటించి వెళ్ళారు. జిగురు ఎక్కువై కొత్త రంగు మీదికి కారింది. తడిగుడ్డతో తుడిచి, నోటీసు జాగ్రత్తగా ఊడదీసి చదివాను. రెండు అచ్చుతప్పులు. ఎర్రపెన్సిలుతో దిద్దాను.

వీధిలో కొత్త మురుగు లైను పడింది కాబట్టి వచ్చే నెల సగానికల్లా ప్రతి ఇల్లూ దానికి కలుపుకోవాలట. పెరట్లో పాతగుంట ఖాళీ చేయించి, అడుగు పగలగొట్టి, మట్టితో పూడ్చాలి. మంచినీళ్ళ పైపూ మురుగు పైపూ ఒకే కందకంలో ఉండకూడదు. వాననీళ్ళు ఇందులోకి వదలకూడదు. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి చూసేదాకా కందకం పూడ్చకూడదు. అన్నీ సబబుగానే ఉన్నాయి. చివరి వాక్యం ఇది: ఏ ఇంటి లైను ఆ ఇంటికే ఉండాలి, రెండిళ్ళకి కలిపి ఒకటి చెల్లదు.

మంచిదే. వంటిళ్ళు రెండయ్యాయి, గేట్లు రెండయ్యాయి, కరెంటు మీటర్లు రెండయ్యాయి. మిగిలింది ఈ గొట్టం ఒక్కటే.

మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి చదివి, "మరి పిన్ని సంగతేంటమ్మా?" అన్నాడు.

"ఆవిడ గేటుకీ అంటించారు. ఆవిడకీ చదువొచ్చు" అన్నాను.

జూన్ 4

తెల్లవారుతుండగా మా బాత్రూము తూము గుడగుడలాడింది.

జూన్ 5

మళ్ళీ అదే వేళకి. కారణం రాసి పెడతాను. గోడకి అవతల బాత్రూము ఆవిడది, ఇవతలది మాది. రెండింటికీ ఒకటే గొట్టం, అటునుంచి వచ్చి మా పెరట్లో గుంటలోకి పోతుంది. గాలి పోవడానికి దారి పెట్టలేదు. అందుకని అవతల బకెట్టు కుమ్మరిస్తే గొట్టంలో గాలి మా తూములోంచి బయటపడుతుంది. అది పనితనం లోపం. నేను రాసేది తూము గురించి, మనిషి గురించి కాదు.

జూన్ 9

మేస్త్రి వచ్చాడు. వీధిలో సగం ఇళ్ళ పని ఇతనిదే. నోరు ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు కాబట్టి సరిపోయింది. కూడా మునిసిపాలిటీ ఇంజనీరమ్మ. మా మనవరాలికంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. చెప్పులు వాకిట్లో విప్పి లోపలికి వచ్చింది. నచ్చింది.

"ఆరంగుళాల గొట్టానికి వాలెంత పెడతావు?" అని మేస్త్రిని అడిగాను.

"నీళ్ళు పోయేంత, అమ్మగారూ."

"అది సమాధానం కాదు."

ఇంజనీరమ్మ నవ్వు ఆపుకుని, "అరవై అడుగుల పొడుక్కి అడుగు వాలండి" అంది.

"నేనన్నదీ అదేనండి" అన్నాడు మేస్త్రి. "మా భాషలో."

"ఇంకొంచెం ఎక్కువ పెడితే ఇంకా బాగా పోతుందిగా?" అన్నాను. తెలిసే అడిగాను. క్లాసులో అలాగే అడిగేదాన్ని.

"పోదండి. వాలు మరీ ఎక్కువైతే నీళ్ళు ముందు పరిగెడతాయి, బరువు వెనక ఉండిపోతుంది. రెండూ కలిసి నడవాలి" అంది ఇంజనీరమ్మ.

"అవునమ్మా, సినిమాకి బయల్దేరినప్పుడు మా ఆవిడ ముందు నడుస్తుంది, నేను సందు మలుపులో మిగిలిపోతాను" అన్నాడు మేస్త్రి.

మాకు ఇంటి పక్కన సందు ఉంది, పెరటి నుంచి వీధిదాకా తిన్నగా. ఇబ్బంది లేదు. ఆవిడ వైపు సందు లేదు. పంపకాల్లో సందు మాకు వచ్చింది, పెద్ద హాలు వాళ్ళకి వెళ్ళింది. ఆవిడ గొట్టం వీధిలోకి చేరాలంటే రెండే దారులు. ఒకటి, ఆవిడ వంటిల్లూ హాలూ నిలువునా పగలగొట్టి ఇంటికిందనుంచి ఇనుప గొట్టం వెయ్యాలి. వేరే దారి లేనప్పుడు మాత్రమే అలా ఒప్పుకుంటారట. రెండు, నేను కాగితం రాసిస్తే గోడ కిందనుంచి మా పెరట్లోకి వచ్చి, మా సందులోంచి మా గొట్టం పక్కనే పోవచ్చు. గొట్టాలు దేనికదే, మూత తీసి లోపల చూసుకునే చాంబర్లు దేనికవే. స్థలం మాత్రం మాది. ఒకసారి రాసిచ్చాక ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

"మీరు సంతకం పెడితే ఆ హాల్లో ఎర్రగచ్చు దక్కుతుందండి. అలాంటిది ఇప్పుడెవరు వేస్తున్నారు?" అంది ఇంజనీరమ్మ. గోడ అవతల కూడా చూసి వచ్చినట్టుంది.

ఆలోచించి చెప్తానన్నాను. నెలాఖరులోగా చెప్పమంది.

జూన్ 10

నిన్న ఆ పిల్ల గచ్చు మాట ఎత్తింది, అప్పట్నుంచీ అదే కళ్ళముందు.

మా వైపు టైల్స్ వేసి చాలా కాలమైంది. ఒకప్పుడు ఇల్లంతా పరుచుకుని ఉన్న ఎర్రగచ్చు ఇప్పుడు ఆ హాల్లోనే మిగిలింది. దాన్ని నున్నగా చేసింది మేమిద్దరమే. నేను పెద్దకోడల్ని. చిన్నది నా వెనక రెండేళ్ళకి వచ్చింది. అత్తగారు మా ఇద్దరికీ చెరో రాయి ఇచ్చి, చెరో మూల కూచోబెట్టి, "మధ్యలో కలుసుకోండి" అంది. మోకాళ్ళ మీద జరుగుతూ రుద్దుకుంటూ రావాలి. నేను గీత గీసినట్టు తిన్నగా వచ్చేదాన్ని. చిన్నది కూనిరాగం తీసుకుంటూ వంకరటింకరగా వచ్చేది, మధ్యలో ఆగి తన మొహం గచ్చులో కనపడుతోందేమో చూసుకునేది. అయినా దానివైపే ఎక్కువ మెరిసింది. ఎలాగో ఇప్పటికీ అర్థం కాలేదు.

చిన్నది అని రాశాను. దానికి అరవై ఎనిమిదేళ్ళు. మరిది ఎప్పుడో పోయాడు, ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. రాసింది కొట్టెయ్యను, కొట్టివేతలు నాకు పడవు.

గొట్టం వేసింది కూడా ఆ ఏడే. అప్పటికి ఇల్లొకటే, నడిమిగోడకి అటొక బాత్రూము, ఇటొక బాత్రూము కట్టారు. "దీనికి మేస్త్రి ఎందుకు నాన్నా, నీళ్ళు పల్లానికి పోతాయి, అంతేగా" అన్నాడు మరిది. మా ఆయన అంతేనన్నారు. అన్నదమ్ములిద్దరూ పంచెలు ఎగ్గట్టి కందకంలోకి దిగారు. మామగారు పెరట్లో కుర్చీ వేయించుకుని, ఎండకి గొడుగు వేసుకుని, అధికారం చెలాయించారు.

గోడ అడ్డం కాబట్టి అటు మట్టం ఇటు కనపడదు. అందుకని లెవెల్ పైపు తెచ్చారు. వేలి లావున సన్నటి గొట్టం, లోపల నీళ్ళు పైకి కనపడతాయి. అటు కొస ఒకరు, ఇటు కొస ఒకరు పట్టుకుంటే, మధ్యలో ఎంత గోడ ఉన్నా, రెండు కొసల్లో నీళ్ళూ ఒకే ఎత్తున నిలుస్తాయి. నిలిచినచోట గోడమీద మేకుతో గీత గీయాలి. ఆ గీత నుంచి కిందికి కొలుచుకుని కందకం తవ్వాలి. మగవాళ్ళు గుంటలో ఉన్నారని కొసలు మా ఇద్దరి చేతికీ ఇచ్చారు.

"గొట్టంలో గాలిబుడగ ఉండకూడదమ్మా. బుడగ ఉంటే నీళ్ళు అబద్ధం చెప్తాయి" అన్నారు మామగారు.

గొట్టంలోకి నీళ్ళు ఎక్కాలంటే ఒక కొసన నోటితో పీల్చాలి. చిన్నది అతిగా పీల్చింది. నోరు నిండిపోయింది. ఎక్కడ ఉమ్మాలో తెలియక బుగ్గలు పూరించుకుని నిలబడింది. సరిగ్గా అప్పుడే మామగారు, "ఏమ్మా చిన్నకోడలా, నీళ్ళొచ్చాయా?" అని అడిగారు. పెద్దవారు అడిగితే జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు కదా. నోరు తెరిచింది. మామగారు గొడుగు ఎందుకు తెచ్చుకున్నారో అప్పుడు తెలిసింది.

ఆ తరవాత అటు అది, ఇటు నేను, ఒకరికొకరం కనపడకుండా నవ్వు. "నిలిచాయా అక్కా?" అంటుంది. "నిలిచాయి" అంటాను. మళ్ళీ నవ్వు. మామగారు తల తుడుచుకుంటూ, "నవ్వింది చాలు, గీత గీయండి" అన్నారు. గీశాం.

జూన్ 14

మనవరాలు కాలేజీ నుంచి అటే వెళ్ళి, అటునుంచి ఇంటికి వచ్చింది. ఆ పిల్లకి రెండు గేట్లూ ఒకటే.

"నానమ్మా, చిన్ననానమ్మ గచ్చు పగలగొట్టనివ్వనంటోంది. పగలగొట్టాల్సొస్తే ఇల్లు అమ్మేసి అత్త దగ్గరికి వెళ్ళిపోతుందట. అత్త ఎప్పట్నుంచో రమ్మంటోందిగా."

"పోతే పోనీ. కూతురి దగ్గరేగా."

"నువ్వు సంతకం పెడితే అయిపోతుంది కదా?"

"అడిగితే పెడతాను. అడగాలి కదా."

పిల్ల వెళ్ళింది, వచ్చింది. "చిన్ననానమ్మ ఏమందో చెప్పనా? ఇన్నేళ్ళుగా ఆ గొట్టం అటే పోతోంది, ఎవర్నడిగి పోతోంది అంది."

"అది జవాబు కాదు."

"మీ ఇద్దరి మధ్యా నేను పైపునా నానమ్మా? పైపునైతే నాకూ కాస్త వాలు పెట్టండి, ఇటు ఎక్కీ అటు ఎక్కీ చస్తున్నాను."

నోరు మూసుకుని చదువుకోమన్నాను.

జూన్ 15

అడగాలి. తప్పు నాది కాదు.

నేను రిటైరైన రోజు ఇంటినిండా జనం. హెడ్మాస్టరు, లెక్కల టీచర్లు, పాత విద్యార్థులు. పెరట్లో భోజనాలు. మధ్యాహ్నం అందరి ముందూ చిన్నది చీర కుచ్చెళ్ళు తడిసి వచ్చి, "అక్కా, మీ ఇంటి మురుగు మా వంటింట్లోకి వచ్చింది" అంది.

అంతకుముందు కూడా రెండు మూడేళ్ళకోసారి ఆ గొట్టం పూడుకునేది. వెదురుబద్దతో పొడిపించేవాళ్ళం. కాని ఆ మాట ఆ రోజు, ఆ జనం ముందు. నేను చెప్పాను, మీ గొట్టం గోడ దాటి మా వైపు వచ్చాకే మా లైను అందులో కలుస్తుంది, అటునుంచి ఇటు వాలు, కాబట్టి మా నీళ్ళు మీ వైపు రావడం లెక్క ప్రకారం అసాధ్యం, మీ వైపే ఎవరో ఏదో వేశారు అని. "నీరు పల్లమెరుగు" అని కూడా అన్నాను. మావాళ్ళలో ఎవరో నవ్వారు.

చిన్నది అక్కడే నిలబడి, "నీళ్ళకి నీ లెక్కలు తెలియవక్కా" అంది. వెళ్ళిపోయింది. అంతే. ఆ నెలలోనే మధ్యలో గోడ ఎత్తు పెంచారు, ఎవరు ముందన్నారో గుర్తులేదు.

మా ఆయన పోయినప్పుడు వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి, అందరికీ వండి, గిన్నెలు తోమి, నాతో ఒక్క మాట లేకుండా వెళ్ళింది. కూరలో ఉప్పు సరిపోయింది. అది ఎప్పుడూ తక్కువ వేస్తుంది, ఆ రోజు నాకు సరిపడా వేసింది.

జూన్ 19

బ్రోకరు వచ్చాడు, అవతలికి. టేపుతో కొలుస్తున్న చప్పుడు. వరండా నుంచి హాలు పొడుగు కేకేసి చెప్తున్నాడు, తప్పు చెప్తున్నాడు.

జూన్ 21

తూము పలకలేదు. పాలు వచ్చాయి, పేపరు వచ్చింది, ఎండ గోడ దాటింది, తూము పలకలేదు.

కోడలితో, "పక్కింట్లో కరివేపాకు ఉందేమో చూసిరా" అన్నాను. "మనకి బుట్టెడుంది కదత్తయ్యా" అంది. "వాడిపోయింది" అన్నాను. వెళ్ళి వచ్చింది. గేటుకి తాళం. కూతురి దగ్గరికి వెళ్ళిందట, నాలుగు రోజులకి. ఎదురింటివాళ్ళకి చెప్పి వెళ్ళిందట.

నాకు చెప్పాల్సిన పని లేదు.

జూన్ 22

కాఫీ బాగాలేదు. పాలు మార్చినట్టున్నాడు.

జూన్ 24

పాలవాడిని పిలిచి అడిగాను. అవే పాలంటాడు. ఆ మాట నమ్మాలా?

జూన్ 25

తూము పలికింది. పాలు బాగున్నాయి.

జూన్ 28

మా వైపు తవ్వకం మొదలైంది. ముందు బండి వచ్చి గుంట ఖాళీ చేసింది. తలుపులన్నీ వేసుకుని కూచున్నాం. ఇల్లూ వాకిలీ కడిగాక, పాత గొట్టం ఎక్కడెక్కడ పోతోందో చూడాలని మేస్త్రి నడిమిగోడ వెంట అటూ ఇటూ తవ్వించాడు.

"అమ్మగారూ, ఇలా రండి. ఇది గొట్టమా, భోంచేసి పడుకున్న కొండచిలువా?"

వెళ్ళి గోడ కింద తవ్విన కన్నంలోంచి చూశాను. గోడకి అవతల కొంత దూరం గొట్టం పొట్ట దించుకుని ఉంది. అక్కడ బురద గట్టిపడి రాయైంది. అటునుంచి వచ్చే నీళ్ళు గోడ దాటాలంటే ఎగువకి ఎక్కాలి.

"నేల కుంగింది, అంతే. పాతబడ్డాక మామూలే" అన్నాడు మేస్త్రి.

కుంగలేదు. గొట్టం కింద పరిచిన ఇటికలు ఒక్కటి కూడా పగల్లేదు, సున్నం విడలేదు. కట్టినప్పుడే ఆ మట్టానికి కట్టారు. ఆ మాటే అన్నాను. "ఎవరైనా ఎగువకి కడతారా అమ్మా?" అని నవ్వాడు.

"లెవెల్ పైపు పట్టు" అన్నాను.

అతని మనిషిని అటు పంపాడు. నేను గోడమీద పాత సున్నం గోకాను. మా వైపు గీత అక్కడే ఉంది, మేకుతో గీసింది, నా గీత, తిన్నగా. నీళ్ళు సరిగ్గా దానిమీద నిలిచాయి. అటునుంచి ఆ మనిషి అరిచాడు, "ఇక్కడా ఏదో పాత గీత ఉంది మేస్త్రీ, వంకరగా! నీళ్ళు దానికి మూడు వేళ్ళు పైన నిలిచాయి!"

మూడు వేళ్ళు.

రెండు గీతలూ ఒకే మట్టం కావాలి. దాని గీత మూడు వేళ్ళు కిందికి పడింది. ఆ గీత నుంచి కొలిచి మరిది అటువైపు కందకం మూడు వేళ్ళు లోతు తవ్వాడు. గొట్టంలో బుడగ ఉంటే తప్ప ఇలా జరగదు. బుడగ ఎలా వచ్చిందో నాకు తెలుసు. నోటితో పీల్చి, వదిలి, నవ్వి, మళ్ళీ పీల్చి... ఇద్దరం నవ్వుతూనే గీశాం. బుడగ ఉందా అని ఎవరం చూడలేదు.

అంటే, నేను రిటైరైన రోజు మా ఇంట్లో అంతమంది వాడిన నీళ్ళు, గుంట నిండి ముందుకి పోలేక, గోడ కిందనుంచి వెనక్కి, పల్లానికి, దాని వంటింట్లోకి. నీరు పల్లమెరుగు.

నాకు నవ్వొచ్చింది. కందకం పక్కన మట్టిగుట్ట మీద కూలబడి నవ్వాను. మామగారి గొడుగు గుర్తొచ్చి ఇంకా నవ్వాను. కోడలు పరిగెత్తుకొచ్చి, "అత్తయ్యా, ఏమైంది? మంచినీళ్ళు తేనా?" అంది. మేస్త్రి, "ఎండమ్మా, ఎండ" అన్నాడు.

తప్పు బుడగది.

జూన్ 29

సంతకం పెట్టాను. అడగలేదు. అడిగేదాకా ఆగితే వాన వస్తుంది, తవ్విన కందకం చెరువవుతుంది.

కాగితం కింద షరతులు రాశాను. చాంబరు మూత పగిలితే వారే వేయించుకోవాలి. వాననీళ్ళు అందులోకి వదలరాదు. కందకంలో వంకరలు ఉండరాదు. మనవరాలి చేత పంపాను.

"ఏమంది?"

"చదివింది."

"చదివి?"

"వంకరలు ఉండరాదు అన్నచోట నవ్వింది."

"ఏమైనా అందా అని అడుగుతున్నాను."

"ఏమీ అనలేదు నానమ్మా. చాలాసేపు నవ్వింది."

జూలై 2

ఇవాళ గొట్టాలు దింపారు. దింపేముందు మట్టాల గీతలు వేసి ఉంచాలని ఇంజనీరమ్మ కట్టడి. పొద్దున్నే చూస్తే మేస్త్రి ఒక్కడే వచ్చాడు.

"నా మనిషి రాలేదమ్మా. బావమరిది పెళ్ళట. మొన్న కూడా వాడి బావమరిది పెళ్ళే. ఎంతమంది బావమరుదులో."

అబ్బాయి ఆఫీసుకి, కోడలు బజారుకి, పిల్ల కాలేజీకి వెళ్ళారు. మేస్త్రి కందకంలో ఉండాలి. "ఇటు కొస నాకియ్యి" అన్నాను.

"మరి అటు?"

నేను మేకు వెతుక్కున్నాను. అతనే లెవెల్ పైపు కొస గోడ కింద కన్నంలోంచి అటు తోసి, "చిన్నమ్మగారూ! కాస్త కొస పట్టుకుంటారా?" అని కేకేశాడు.

తరవాత గొట్టం కదిలింది. అటు ఎవరో పట్టుకున్నారు.

నా కొసలో నీళ్ళు ఊగి ఊగి నిలిచాయి. మేకు ఎత్తి, గీయబోయి ఆగాను. మేస్త్రితో, "బుడగ ఉందేమో చూడమను" అన్నాను.

"మీరే చెప్పండమ్మా" అన్నాడు పళ్ళ మధ్యనుంచి. నోటినిండా మేకులు.

గోడవైపు తిరిగాను.

"బుడగ ఉందేమో చూడు."

తరవాత గొట్టం మీద గోటితో కొట్టిన చప్పుడు. టిక్కు, టిక్కు.

"ఒకటుంది." చిన్నదాని గొంతు. కాస్త బొంగురుపోయింది.

"పోగొట్టు."

టిక్కు, టిక్కు.

"పోయింది."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. ఈసారి నవ్వలేదక్కా."

నా కొసలో నీళ్ళు ఊగాయి. మేస్త్రి నోట్లో మేకులు చేతిలోకి తీసుకుని, "అమ్మా, కదపకండి!" అని అరిచాడు. అటునుంచి నవ్వు వినపడింది, మూతికి కొంగు అడ్డం పెట్టుకున్న నవ్వు. "చిన్నమ్మగారూ, మీరూ కదపకండి! ఇలాగైతే సాయంత్రం దాకా గీత పడదు!"

మూడుసార్లు మట్టం తీయాల్సి వచ్చింది. నేను మాత్రం నవ్వలేదు. గొట్టం తడికి జారింది.

గీత పడ్డాక చిన్నది గొట్టం వదిలేసింది. నేనూ వదిలేశాను. మేస్త్రి చుట్ట చుట్టి భుజానికి తగిలించుకున్నాడు.

జూలై 5

ఇంజనీరమ్మ వచ్చింది. రెండు గొట్టాలకీ కింది కొస బిగించి, పైనుంచి నీళ్ళు నింపించి, కాఫీ తాగేదాకా అలా ఉంచింది. ఏ గొట్టంలోనూ నీళ్ళు దిగలేదు. వాలు కొలిచింది. మా లైను బాగుంది. పక్క లైను ఇంకా బాగుందట. అటు గీత ఎవరు గీశారని అడిగింది. నేను మాట మార్చాను.

రెండు వైపులా గోడ వెంట కప్పు దాటి పైకి గాలి గొట్టాలు నిలబెట్టారు. "ఇక మీకు గుడగుడలు ఉండవమ్మా. ఎవరి గాలి వాళ్ళది. హాయిగా నిద్రపోండి" అన్నాడు మేస్త్రి.

కందకం పూడ్చారు. గోడ పక్కనే, మా పెరట్లో, దాని చాంబరు. దానికి నాలుగడుగుల దూరంలో మాది. రెండు మూతలూ ఒకేలా ఉన్నాయి.

జూలై 6

తూము పలకలేదు. పలకదు. పని బాగా చేశాడు.

జూలై 7

పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి పక్క చాంబరు మూత ఎత్తి చూశాను. కొత్తగా వేసిన పని, మొదట్లో చూసుకుంటూ ఉండాలి. నీళ్ళు వచ్చాయి. సబ్బు నురుగు. సన్నగా, ఆగకుండా పోయాయి. వాలు బాగుంది.

కాఫీ బాగాలేదు. పాలు అవేనని కోడలు ఒట్టు వేస్తోంది.

జూలై 8

ఆ రోజు మట్టం పని అయిపోయాక ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మాట్లాడాల్సిన పని లేదు. పని ఉంటేగా మాట.

బ్రోకరు వీధిలో కనపడ్డాడు. అవతలి గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడో, దాటిపోయాడో చూడలేదు. ఆ కిటికీ పూర్తిగా తెరుచుకోదు. నూనె వెయ్యమని అబ్బాయికి చెప్పాలి.

పొద్దున వాలు చూశాను. బాగుంది.

జూలై 9

ఇవాళ మూత తీస్తే చాంబరు పొడిగా ఉంది. కాసేపు నిలబడ్డాను. పీట తెచ్చుకుని కూచున్నాను. ఎండ వచ్చింది. పాలవాడు వచ్చి వెళ్ళాడు. లోపల సిమెంటు మీద నిన్నటి తడి కూడా ఆరిపోయింది. పైనుంచి ఒక చీమ దిగి, అటు చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చింది.

లేచి గోడ తట్టాలా? తట్టి ఏమనాలి? కోడల్ని పంపుదామంటే కరివేపాకు నిన్ననే అటునుంచి తెచ్చింది, అడగకుండానే ఇచ్చారట.

అప్పుడు చప్పుడు. ముందు ఒక చెంబు నీళ్ళు. చీమ కొట్టుకుపోయింది. తరవాత బకెట్టు.

"అక్కా."

తలెత్తితే గోడమీద చిన్నదాని మొహం. బట్టలుతికే రాయి ఎక్కినట్టుంది. జుట్టంతా నెరిసిపోయింది. మా ఆయన పోయాక ఇన్నేళ్ళూ గేటులోంచి వీపే చూశాను.

"ఏం చూస్తున్నావు మా చాంబర్లో?"

"వాలు."

"మొన్నా వాలే, నిన్నా వాలేనా?"

"కొత్త పని. చూసుకుంటూ ఉండాలి. ఇవాళ నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి."

"మోకాలు పట్టేసింది. మంచం దిగేసరికి ఇంతసేపైంది." గోడమీద గడ్డం ఆనించుకుంది. "పక్కింటి మురుగులోకి తొంగి చూసే బదులు, లేచావా అని అడగొచ్చుగా అక్కా."

మూత అంచు మీద మట్టి తుడిచాను.

"నాకూ వినపడేది, నీ తూము" అంది. "మీ ఇంట్లో ఇంతమంది పోసుకున్నా నీ నీళ్ళేవో తెలిసేవి. నువ్వు కొలిచి పోసుకుంటావుగా, మగ్గుకీ మగ్గుకీ మధ్య ఒకటే ఎడం. బావగారు పోయిన నెలలో ఆ ఎడం తప్పింది. మళ్ళీ ఎప్పుడు సర్దుకుందో కూడా నాకు తెలుసు."

చాంబర్లో నీళ్ళు పోయాయి. అడుగు తడిగా మెరుస్తోంది.

"నిన్న ఆ బ్రోకరు..." అన్నాను.

"వచ్చాడు. కొనేవాళ్ళు హాలంతా పగలగొట్టి పాలరాయి వేసుకుంటారట. గొట్టం కోసమే పగలగొట్టనివ్వలేదు, పాలరాయికి పగలగొట్టనిస్తానా నాయనా, మా అక్కా నేనూ మోకాళ్ళ మీద రుద్దిన గచ్చు అన్నాను. ఆ మోకాళ్ళే కదా ఇప్పుడు పట్టేస్తున్నాయి."

"నేనూ రుద్దాను. నాకు పట్టెయ్యవు."

"నువ్వు తిన్నగా రుద్దావు. నేను ఇల్లంతా తిరిగి రుద్దాను." దిగబోయి ఆగింది. "మూత పెట్టెయ్యక్కా, వాసన."

"వాసనేం లేదు" అన్నాను. "జాగ్రత్తగా దిగు. రాయి మీద తడి ఉంటుంది."

జూలై 10

తెల్లవారుతుండగా గోడ అవతలనుంచి, "లేచానక్కా!" అని కేక. వీధంతా లేచి ఉంటుంది.

"విన్నాను" అన్నాను.

మూత తియ్యలేదు. పాలు అవే. కాఫీ బాగుంది.